నాణేల ఆల్బమ్: కాపాడుతుందా, తినేస్తుందా?

కొన్నేళ్లుగా ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతున్నాయి. పాత అయిదు రూపాయల నోటుకు లక్షలు, ఫలానా సంవత్సరం రూపాయి బిళ్లకు లక్షలు అని. రిజర్వు బ్యాంకు తన పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటాం అంటూ కమీషన్లు అడిగేవాళ్ల వలలో పడొద్దని 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అయినా వీడియోలు ఆగలేదు. వాటిని నమ్మినా నమ్మకపోయినా, కర్నూలు, అనంతపురం, కడప వైపు చాలా ఇళ్లలో అటక మీద ఉన్న రేకు డబ్బాలు మాత్రం కిందికి దిగాయి. జేజినాయన కాలం నాటి అణాలు, బేడలు, చిల్లికాణీలు బయటికొచ్చాయి, వాటిని పెట్టడానికి ఇంటికో ఆల్బమ్ వచ్చింది.

అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతోంది. డబ్బాలో డెబ్బై ఏళ్లు బాగానే ఉన్న రాగి కాణీ, ఆల్బమ్‌లో పెట్టిన రెండేళ్లకే పచ్చగా జిడ్డుగా తయారవుతుంది. అదే ఆల్బమ్‌లో పక్క జేబులో ఉన్న స్టీలు రూపాయికి ఏమీ కాదు. ఒకరు "ఆల్బమ్ వల్లే చెడింది, పారేయ్" అంటారు. ఇంకొకరు "ముప్పై ఏళ్లుగా ఆల్బమ్‌లోనే పెడుతున్నా, ఒక్కటీ చెడలేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎందుకంటే ఇద్దరూ ఆల్బమ్ అని పిలుస్తున్నది ఒకే వస్తువును కాదు, అందులో పెట్టినదీ ఒకే లోహాన్ని కాదు. నాణేన్ని తాకుతున్న పదార్థం ఏమిటి, ఆ నాణెం ఏ లోహం, చుట్టూ ఉన్న గాలి ఎలాంటిది అనే మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగితే తప్ప ఈ చిక్కు విడదు.

ఏ లోహానికి ఏది పడదు

బంగారంతో పెద్ద చిక్కు లేదు. విజయనగర వరహా సుమారు 3.4 గ్రాముల బంగారు బిళ్ల, గాలికీ తేమకూ చలించదు. కానీ మెత్తని లోహం కాబట్టి గీతలు పడతాయి, దాన్ని జేబులోంచి పదే పదే తీయడం పెట్టడమే ప్రమాదం.

వెండికి శత్రువు గంధకం. 1835 నుంచి ఈస్టిండియా కంపెనీ వాళ్లు, తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ముద్రించిన రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో దాన్ని సగానికి తగ్గించారు, 1947కి వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. ఆ నికెల్ రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటుంది, వెండిది అతుక్కోదు, ఇంట్లో తేడా తెలుసుకోవడానికి ఇదే తేలిక దారి. వెండి నల్లబడటం అంటే గాలిలోని గంధకపు వాయువులతో కలిసి పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారడం. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్ట, నాసిరకం అట్ట, ఇవన్నీ గంధకాన్ని వదులుతాయి. వెండి రూపాయలను పేర్చి రబ్బరు బ్యాండు వేసి ఉంచినవాళ్లు, బ్యాండు తగిలిన చోట నల్లటి గీత చూసే ఉంటారు.

రాగి, కంచు అన్నిటికంటే సున్నితం. వీటికి ఉప్పు పడదు, ఇంకా చెప్పాలంటే ఉప్పులో ఉండే క్లోరైడు పడదు. మన చెమటలో అదే ఉంటుంది. బొటనవేలితో నాణెం మధ్యలో పట్టుకుంటే ఆ వేలిముద్ర కొన్ని నెలల తర్వాత ముదురు మచ్చగా పైకి తేలడానికి కారణం ఇదే. క్లోరైడు ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఒక చరిత్ర ఉంది. 1808లో ఇంగ్లండులో ముద్రించిన పది కాసులు, ఇరవై కాసుల రాగి నాణేలను మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుక దిబ్బల దగ్గర మునిగిపోయింది. మన దత్తమండలాలు (నేటి రాయలసీమలో చాలా భాగం) కూడా అప్పటికి మద్రాసు పాలన కిందే ఉన్నాయి కాబట్టి, ఆ డబ్బులో కొంత మన సంతలకూ వచ్చి ఉండేదే. 1980ల్లో వాటిని పైకి తీశారు, ఇప్పటికీ సేకరణదారుల మధ్య చేతులు మారుతుంటాయి. వాటిలో చాలావాటి ముఖం సముద్రం తిని గరుకుగా ఉంటుంది. ఉప్పునీళ్లలోంచీ, ఉప్పు నేలలోంచీ వచ్చిన రాగి విషయంలో అసలు భయం ఏమిటంటే, లోపల మిగిలిన క్లోరైడు తేమ తగలగానే మళ్లీ పని మొదలుపెడుతుంది. లేత పచ్చటి పొడి రాలుతుంది. మామూలు చిలుము గట్టిగా, ముదురు రంగులో అంటుకుని ఉంటుంది, తుడిస్తే రాదు, దానివల్ల హాని తక్కువ. ఈ పొడి అలా కాదు, ఉన్న కొద్దీ లోపలికి తవ్వుకుంటూ పోతుంది. ఇలాంటి నాణేన్ని మిగతావాటితో ఒకే పేజీలో ఉంచకూడదని అనుభవజ్ఞులు అనేది అందుకే.

రాగి-నికెల్ మిశ్రమం, నికెల్, 1992 నుంచి వాడుకలోకి వచ్చిన స్టీలు రూపాయలు గట్టివి. అల్యూమినియం మధ్యరకం. 1964లో వచ్చిన మూడు పైసల్లాంటివి మామూలు గాలికి తట్టుకుంటాయి, కానీ మెత్తగా ఉండి త్వరగా గీసుకుపోతాయి, క్షారాలు అసలు పడవు. వాషింగ్ సోడాతో కడిగితే మెరవడం మాట అటుంచి ముఖం మసకబారిపోతుంది.

ఆల్బమ్ అనే మాట వెనక ఉన్న నాలుగైదు వస్తువులు

మొదటిది, ఎక్కువమంది కొనేది, మెత్తటి పారదర్శక జేబులున్న పుస్తకం. నాణేన్ని నేరుగా జేబులోకి తోసేయడమే. చవక, తేలిక, రెండు వైపులా కనపడుతుంది. నాణేనికీ ప్లాస్టిక్‌కీ మధ్య అడ్డమేమీ ఉండదు.

రెండోది, చదరపు అట్ట హోల్డర్లు. మధ్యలో గుండ్రటి కిటికీ, దానికి రెండు వైపులా పల్చటి గట్టి ఫిల్మ్. నాణేన్ని మధ్యలో పెట్టి మడిచి పిన్నులు కొడతారు. అయిదు సెంటీమీటర్ల చదరం కాబట్టి ఇరవై జేబుల ఏ4 పేజీలో సరిగ్గా కూర్చుంటుంది. ఇందులో నాణేన్ని తాకేది ఫిల్మ్, ఆ ఫిల్మ్‌ను తాకేది పేజీ. పేజీ నాసిరకమైనా కొంతవరకు అడ్డు ఉంటుంది. మూడోది, అట్టలో ముందే రంధ్రాలు కోసి ఉండే పుస్తకం, నాణేన్ని వేలితో నొక్కి కూర్చోబెడతారు. అమెరికాలో ఇది పాత అలవాటు, మన దగ్గర అరుదు. నాలుగోది, గట్టి అక్రిలిక్ క్యాప్సూల్, అంటే నాణేన్ని లోపల పెట్టి మూసే పారదర్శక డబ్బీ. అది నిజానికి ఆల్బమ్ కాదు, కానీ క్యాప్సూళ్లు పట్టే పేజీలూ ట్రేలూ దొరుకుతాయి.

ఇవన్నీ కాక మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఇంకో రకం ఉంది: పెళ్లి ఫోటోల పాత ఆల్బమ్. జిగురు పూసిన పేజీ మీద నాణేన్ని అతికించి, పైన ప్లాస్టిక్ కప్పేస్తారు, లేదా సెల్లోటేపు వేస్తారు. ఫోటోలకే పడని జిగురు అది, నాణేనికి ఎలా పడుతుంది? బిళ్ల బొరుసు మీద జిగురు కరిగి, ఎండి, పసుపు పచ్చగా మారుతుంది, తీస్తే మచ్చ మిగులుతుంది.

పచ్చటి జిగురు ఎక్కడి నుంచి వస్తుంది

చవక ఆల్బమ్‌ల మెత్తటి జేబులు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌వి. అది పుట్టుకతో గట్టిది. మన బోరు పైపులు అవే కదా. దాన్ని మెత్తగా, వంగేలా, అద్దంలా పారదర్శకంగా చేయడానికి ప్లాస్టిసైజర్లు అనే నూనె లాంటి రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌లో గట్టిగా కట్టుబడి ఉండవు, కాలం గడిచే కొద్దీ మెల్లగా పైకి వస్తాయి. ఇంకోవైపు పీవీసీలోనే క్లోరిన్ ఉంది. వేడికీ వెలుతురుకీ ఆ ప్లాస్టిక్ కొద్దికొద్దిగా విరిగి హైడ్రోజన్ క్లోరైడును వదులుతుంది, దానికి తేమ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆ ఆమ్లం నాణెంలోని రాగిని పట్టుకుంటుంది. పైకొచ్చిన నూనె, రాగి లవణం కలిసి పచ్చటి జిగురుగా కనిపిస్తాయి. రాగి నాణేలకే కాదు, వెండి రూపాయిలోనూ రాగి ఉంది, రాగి-నికెల్ అర్ధరూపాయిలో అయితే మూడొంతులు రాగే. కాబట్టి అవి కూడా తప్పించుకోలేవు. స్టీలు రూపాయికి ఏమీ కాకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా, అందులో పచ్చబడటానికి తగినంత రాగి లేదు.

మొదట్లో ఇది లేత పొగమంచులా ఉంటుంది. ఈ దశలో స్వచ్ఛమైన అసిటోన్‌తో ఆ జిడ్డు కరిగిపోతుంది, లోహానికి ఏమీ కాదు, ఎందుకంటే అసిటోన్ జిడ్డునే కరిగిస్తుంది కానీ లోహంతో కలవదు. గోళ్ల రంగు తీసే ద్రవంలో అసిటోన్‌తో పాటు రంగులూ సెంట్లూ కలిపి ఉంటాయి, రెండూ ఒకటి కాదు. పైగా అసిటోన్ ఇట్టే అంటుకునే ద్రవం, వంటింట్లో దాని పని లేదు. ఆలస్యమై ఆమ్లం లోహాన్ని తినేశాక మాత్రం జిడ్డు పోయినా కింద గుంట అలాగే ఉంటుంది.

మరి చేతిలో ఉన్న పేజీ పీవీసీయో కాదో ఎలా తెలుస్తుంది? ప్యాకెట్ మీద పాలీప్రొపిలీన్ అనో, పాలిస్టర్ అనో, మైలార్ అనో రాసి ఉంటే భయం లేదు, ఇవి సురక్షితమైనవే. త్రికోణంలో 3 అంకె ఉంటే పీవీసీ, 5 ఉంటే పాలీప్రొపిలీన్. కానీ మన బజార్లో దొరికే చాలావాటి మీద ఏమీ రాసి ఉండదు. అప్పుడు సాంద్రత పనికొస్తుంది. పేజీ అంచులోంచి గోరంత ముక్క కోసి, సబ్బు చుక్క కలిపిన నీళ్లలో బుడగలు లేకుండా ముంచి వదిలితే, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక కాబట్టి (సాంద్రత సుమారు 0.9) పైకి తేలుతుంది. పీవీసీ 1.3 చుట్టూ ఉంటుంది, మునుగుతుంది. ఇక్కడ ఒక మెలిక: పాలిస్టర్ కూడా మునుగుతుంది, దాని సాంద్రత 1.38. అంటే తేలితే దాదాపు నిశ్చింత, మునిగితే ఇంకో ప్రశ్న అడగాలి. మెత్తగా, లాగితే సాగుతూ, కొత్త రెయిన్‌కోటు వాసన వేస్తుంటే పీవీసీ. గట్టిగా, నలిపితే గరగరమని చప్పుడు చేస్తూ, వాసన లేకుండా ఉంటే పాలిస్టర్. ఎర్రగా కాల్చిన రాగి తీగకు ప్లాస్టిక్ ముక్క అంటించి మంటలో పెడితే పచ్చటి మంట వస్తుందని కొందరు చెబుతారు. రసాయన శాస్త్రంలో అది సరైన పరీక్షే, క్లోరిన్ ఉంటే మంట పచ్చబడుతుంది. కానీ వచ్చే పొగ మంచిది కాదు, గోరంత ముక్కను నీళ్లలో వేసి చూడటం తెలిశాక ఆ అవసరం కూడా ఉండదు.

"మనది ఎండ సీమ, తేమ భయం మనకెందుకు?"

ఈ మాటలో సగం నిజముంది, ఆ సగం చిన్నదేమీ కాదు. అనంతపురం దేశంలోనే వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. సముద్ర తీరంలో ఉండే సేకరణదారుడు ఉప్పుగాలితో ఏడాది పొడవునా పడే బాధ మనకు లేదు. మట్టి మిద్దెల్లో, గోడ గూళ్లలో, గుడ్డ మూటల్లో పెట్టిన రాగి కాసులు తరాలపాటు నిలిచాయంటే ఆ పొడి గాలి పుణ్యం చాలా ఉంది.

రెండో సగం వేడి. మే నెలలో కర్నూలులో, కడపలో బయట 42, 43 డిగ్రీలు మామూలే. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా లోపల ఎంత ఉంటుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. పీవీసీ విరగడాన్నీ, ప్లాస్టిసైజర్ పైకి రావడాన్నీ ఆ వేడి తొందర చేస్తుంది. జిగురుతో అంటుకునే హోల్డర్లు ఉంటాయి, పిన్నులు అక్కర్లేదని చాలామందికి ఇష్టం. అవి చల్లటి దేశాల్లో బాగానే పనిచేస్తాయి, మన ఎండాకాలానికి మాత్రం జిగురు అంచులోంచి జారి నాణెం అంచును తాకే అవకాశం ఉంది. అందుకే పొడి సీమలో చవక ఆల్బమ్ కూడా పరవాలేదన్న వాదన నాకు నిలబడేలా కనిపించదు. తేమ తక్కువ కావడం వల్ల వచ్చిన లాభాన్ని వేడి చాలావరకు లాగేసుకుంటుంది.

ఇక సెప్టెంబరు, అక్టోబరు వానలు. ఆ రోజుల్లో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. ఏసీ గదిలో చల్లబడిన నాణేన్ని బయటికి తెచ్చి తెరిస్తే దాని మీద కంటికి కనపడని తడి పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు ఈ కాలంలోనే అక్కరకు వస్తాయి, అయితే అవి తేమను మింగి మింగి నిండిపోతాయి. నిండిన పొట్లం ఉన్నా లేనట్టే. రంగు మారే రకం అయితే నిండిందని తెలుస్తుంది, వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. బీరువాలో బట్టల కోసం వేసే కలరా ఉండలను మాత్రం ఆల్బమ్ ఉన్న అరలో ఉంచకపోవడమే మేలు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది.

చెక్క గురించి చాలామంది ఊహించని సంగతి ఒకటి. చెక్క పెట్టె అంటే గౌరవంగా, పాతకాలపు పద్ధతిలా అనిపిస్తుంది. కానీ చెక్క, అందులోనూ కొత్త ప్లైవుడ్ లాంటివి, ఏళ్ల తరబడి ఆమ్లపు ఆవిర్లను వదులుతూనే ఉంటాయి. మూసిన అరలో అవి బయటికి పోవు. అందరికంటే ముందు దెబ్బ తినేది సీసం. శాతవాహనులు సీసంతో నాణేలు వేయించారు, అలాంటిది చెక్క సొరుగులో ఉంటే తెల్లటి పొడిగా మారుతుంది. మన పాత ఇళ్లలో గోడలోకి దించిన కడప బండల అరలు ఉంటాయే, ఆ రాయి ఇలాంటి ఆవిర్లేమీ వదలదు. గోడకు చెమ్మ పట్టనంతవరకు, పెయింటు వాసన తగ్గిన చోట, ఆ బండ అర ఖరీదైన చెక్క సొరుగు కంటే నాణేలకు మంచి చోటు.

ఎంత ఎత్తులో పెట్టాలన్నది కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు కింది అరల్లో ఉన్నదేదీ మిగల్లేదు. బురదనీళ్లలో నానిన అట్ట హోల్డరు తడిని పట్టి ఉంచి, నాణేన్ని విడి నాణెం కంటే ఎక్కువ పాడుచేస్తుంది.

తోమితే మెరుస్తుంది కదా, అందులో తప్పేముంది?

ఆల్బమ్‌లో అందంగా కనపడాలని పెట్టేముందు చింతపండుతో, పీతాంబరితో తోమడం దాదాపు అందరూ చేసే పని. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, రాగి మీది నల్ల పొరను కరిగిస్తుంది, అందుకే పూజ చెంబు తళతళలాడుతుంది. చెంబుకు అది సరైనదే. నాణేనికి వచ్చే చిక్కు వేరు. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం కేంద్రం నుంచి అంచుకు పాకి, కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని వెలుతురులో తిప్పితే ధర్మవరం పట్టుచీర మడత మీద రంగు కదిలినట్టు వెలుగు చుట్టూ తిరుగుతుంది, అది ఆ గీతల పనే. ఆమ్లం ఆ గీతలను తినేస్తుంది, పొడి రుద్దితే వాటి మీద కొత్త గీతలు పడతాయి. ఆ తర్వాత వచ్చే మెరుపు చదునైన మెరుపు. తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు, ధర తగ్గిపోతుంది, తిరిగి తెచ్చుకునే దారి లేదు.

నల్లబడిన వెండి విషయంలో మాత్రం సేకరణదారుల మధ్యే నిజమైన భేదాభిప్రాయం ఉంది. ఒక వర్గం, ఆ పొర కాలం వేసిన ముద్ర, దాన్ని ముట్టుకోవద్దు అంటుంది. అట్ట ఆల్బమ్‌లో ఏళ్లు గడిపిన వెండి నాణేలకు అంచు నుంచి లోపలికి బంగారు, నీలం, ఊదా రంగుల వలయాలు వస్తాయి, అట్టలోని గంధకమే దానికి కారణం. అమెరికాలో అలాంటి రంగుల నాణేలకు ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లున్నారు. రెండో వర్గం, ఎంత అందంగా ఉన్నా అది తుప్పే, ఆగకుండా సాగితే చివరికి నలుపే మిగులుతుంది, కాబట్టి గంధకం లేని చోటికి మార్చాలి అంటుంది. రెండిట్లోనూ సత్యం ఉంది. పల్చటి, సమంగా పరుచుకున్న పొర కింది లోహాన్ని కొంత కాపాడుతుంది కూడా. మందంగా, మచ్చలుగా, పెచ్చులు లేచేలా ఉన్నది హాని. ఇద్దరూ ఒప్పుకునే సంగతి ఒక్కటే: రుద్దడం వద్దు.

దేవుడి గూట్లో ఉండే వెండి రూపాయల సంగతి ఈ లెక్కలోకి రాదు. పాలతో, పసుపు కుంకుమలతో అభిషేకం అందుకున్న రూపాయి ఆ ఇంటి పూజలో భాగం, దాన్ని తీసి క్యాప్సూల్‌లో పెట్టాలని ఎవరూ అనకూడదు. కాసులపేరుకు చెవి అతికించిన నాణేలూ అంతే.

ఆల్బమా, డబ్బానా: రెండు పక్షాల వాదన

ఆల్బమ్ వద్దనేవాళ్ల వాదన బలమైనదే. పేజీ తిప్పిన ప్రతిసారీ నాణెం జేబులో కదులుతుంది, ప్లాస్టిక్‌తో రాసుకుంటుంది, ఏళ్లు గడిచాక బొమ్మ మీద ఎత్తయిన చోట, రాజు చెంప మీద, సన్నటి గీతలు కనిపిస్తాయి. అట్ట హోల్డరుకు కొట్టిన పిన్నును అణచకపోతే పక్క హోల్డరులోకి గుచ్చుకుంటుంది, తుప్పు పట్టే రకం పిన్నయితే ఇంకో తలనొప్పి. బరువు సంగతి కూడా ఉంది. ఇరవై జేబుల పేజీలో వెండి రూపాయలు నింపితే 11.66 గ్రాముల చొప్పున 233 గ్రాములు, అలాంటివి పదిహేను పేజీలంటే మూడున్నర కిలోలు. రింగులు సాగుతాయి, పేజీల రంధ్రాలు చిరుగుతాయి. అదే పేజీలో మూడు పైసలు ఇరవై పెట్టినా ముప్పై గ్రాములు దాటవు. మ్యూజియంలు నాణేలను పుస్తకాల్లో కాక ట్రేలలో, విడి విడి గూళ్లలో ఉంచడానికి ఇవన్నీ కారణాలే.

ఆల్బమ్ కావాలనేవాళ్లు ఒక మాట అంటారు, నాకు అదీ అంతే బలంగా తోస్తుంది: ఎవరూ చూడని సేకరణ మెల్లగా ఎవరికీ అక్కర్లేని సేకరణ అవుతుంది. డబ్బాలో పేర్చిన నాణేన్ని చూడాలంటే చేత్తో తీయాలి, పిల్లలైతే నలుగురి చేతుల్లో తిరుగుతుంది, కింద పడుతుంది. ఆల్బమ్‌లో ముట్టుకోకుండానే బొమ్మా బొరుసూ చూడొచ్చు. చేయి తగిలే సార్లు తగ్గడం కూడా రక్షణే. అంచు పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరిచి చూసే అలవాటు ఇంట్లో అందరికీ ఉంటే డబ్బా మేలు, లేకపోతే ఆల్బమే మేలు. ఈ రెండిటి మధ్య చాలామంది స్థిరపడే చోటు, ఒకే రకంవి రెండు మూడు ఉంటే బాగున్నదాన్ని క్యాప్సూల్‌లోకి, మిగతావాటిని హోల్డర్లలో పెట్టి ఆల్బమ్‌లోకి పంపడం.

నలభై నాణేలు, మూడు పేజీలు

ఒక ఇంట్లో డబ్బాలో నలభై నాణేలు దొరికాయనుకుందాం. వెండి రూపాయలు మూడు, అణాలు బేడలు తొమ్మిది, 1943-47 మధ్య వచ్చిన చిల్లికాణీలు ఆరు, 1950 తర్వాతి మొదటి గణతంత్ర నాణేలు నాలుగు, నయాపైసలు ఎనిమిది, స్టీలు రూపాయలు పది.

కాలక్రమంలో పేరిస్తే ఇది ఒక కథ చెబుతుంది. ఒక రూపాయికి 16 అణాలు, 64 కాణీలు, 192 పైలు అనే లెక్క నడిచిన పేజీ, 1950లో రాజు బొమ్మ పోయి అశోకుని సింహాలు వచ్చినా అణాలు మాత్రం మిగిలిన ఏడేళ్ల వరుస, ఆ తర్వాత 1957 ఏప్రిల్ 1 నుంచి వంద నయాపైసల పేజీ. 1964లో 'నయా' అన్న మాట నాణెం మీంచి పోయింది, ఆ రెండిటినీ పక్కపక్కన పెడితే పిల్లలకు వివరించనక్కర్లేదు. ఇరుకు ఏమిటంటే, ఈ పద్ధతిలో వెండి, కంచు, నికెల్ ఒకే పేజీలో కలుస్తాయి, ఏది ఎప్పుడు చెడుతోందో కనిపెట్టడం కష్టం. లోహాల వారీగా పేరిస్తే ఆ పని తేలిక, వానాకాలంలో రాగి పేజీ ఒక్కటి తెరిచి చూస్తే చాలు, కానీ కథ తెగిపోతుంది.

స్టీలు రూపాయలకు ఇంకో దారి ఉంది, టంకశాల గుర్తు. సంవత్సరం కింద డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క అయితే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే సంవత్సరం రూపాయికి నాలుగు జేబులు కేటాయించి, చిల్లరలో దొరికినప్పుడల్లా నింపుకుంటూ పోవడం పైసా ఖర్చు లేని సేకరణ, మొదలుపెట్టే పిల్లలకు ఇంతకంటే మంచిది నాకు తోచదు.

మన ప్రాంతం పేరుతోనే ఒక పేజీ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 1565 తర్వాత రాజధాని పెనుకొండకు మారిన విజయనగరం, అచ్యుతరాయల గండభేరుండం (రెండు తలల పక్షి) నాణేలు, టిప్పు సుల్తాన్ గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ వేయించిన ఏనుగు బొమ్మ రాగి పైసలు. సంతల్లో ఇలాంటివాటికి నకిలీలు చాలా ఉంటాయి కాబట్టి కొనేముందు తూకం, అంచు చూడాలి. 1818 అని రాసి, ఈస్టిండియా కంపెనీ అర్ధణా అంటూ, హనుమంతుడో లక్ష్మీదేవో ఉన్న బిళ్లలు మన వైపు ప్రతి సంతలో కనిపిస్తాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. ఇష్టమైతే ఉంచుకోవచ్చు, కానీ 1835 నాణేల వరుసలో కాదు.

హోల్డరు కిటికీ నాణెం కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. 27 మిల్లీమీటర్ల పది రూపాయలకు 27.5 కిటికీ సరిపోతుంది, 23 ఉన్న అయిదు రూపాయలకు 25, ముప్పై దాటిన వెండి రూపాయికి 32.5. మరీ వదులైతే నాణెం లోపల తిరుగుతుంది, మరీ బిగువైతే ఫిల్మ్ సాగి చిరుగుతుంది.

చీటీలో రాయాల్సినవి, చట్టం చెప్పేవి

జేబు మీద బాల్ పెన్నుతో రాస్తే ఇంకు ప్లాస్టిక్‌లోకి దిగుతుంది, నొక్కు నాణేనికి తగులుతుంది. నాణెం పెట్టకముందే అట్ట మీద పెన్సిలుతో రాసుకుంటే ఆ బాధ లేదు. సంవత్సరం, విలువ నాణెం మీదే ఉంటాయి, వాటికంటే నాణెం చెప్పలేనిది రాయడం ముఖ్యం: ఎవరి పెట్టెలోది, ఏ ఊళ్లో, ఎప్పుడు దొరికింది, ఎంత బరువు. అవ్వ కొంగుముడిలో దాచిన బేడ అని రాసి లేకపోతే ఇంకో తరానికి అది వేల బేడల్లో ఒకటి అయిపోతుంది.

దొరికిన చోటు పొలమైతే విషయం వేరు. తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి, పత్తికొండ వైపు వజ్రాల కోసం నేల వెతికేవాళ్లకు అప్పుడప్పుడు పాత కాసులు దొరకడం వింతేమీ కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది: భూమిలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. దొరికిన కుండను ఇంటికి తెచ్చి కడిగి ఆల్బమ్‌లో పెట్టుకోవడం ఆ చట్టం ఒప్పుకోదు, పైగా ఏ నాణెం ఏ నాణెంతో కలిసి ఏ లోతులో ఉందన్న సమాచారం అంతా ఆ కడుగుడుతో పోతుంది. ఇంట్లో వంశపారంపర్యంగా ఉన్న నాణేలకు ఈ చిక్కు లేదు, కానీ వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం మామూలు మనుషులకు నిషిద్ధం. విదేశంలో ఉన్న పిల్లలకు కానుకగా ఇద్దామని సూట్‌కేసులో పెట్టే విక్టోరియా రూపాయి కూడా ఇందులోకే వస్తుంది.